వినికిడి ఒకటి, విషయం మరొకటి



నేను చంద్రపూర్‌లో తుకుం అనే పేటలో ఉంటాను. తాడోబా అడవికి వెళ్లే రోడ్డు మీద ఉంటుంది మా పేట. ఒకసారి ఆసిఫాబాద్ నుంచి మా బావగారు వచ్చారు. ఆటో దిగుతూనే, "ఏం బావా, ఇక్కడ తూకం ఎక్కడ వేస్తారు? పత్తి తూకమా, బొగ్గు తూకమా?" అని అడిగారు. ఆటో అబ్బాయి తుకుం, తుకుం అని పిలుస్తుంటే ఆయన చెవికి అది తూకం అని వినిపించింది. ఒక్క దీర్ఘం జారిపడేసరికి మా పేట కాస్తా తక్కెడ అయిపోయింది.

సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఇది కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, రైల్లో హిందీ. ఒకే మాట ఈ మూడు చోట్లా మూడు రకాలుగా పలుకుతుంది. మరాఠీ ఇంటికి కోడలిగా వెళ్లిన మన అమ్మాయిని అత్తగారు "రాగ్ ఆలా కా?" అని అడిగితే, "నాకు పాటలు రావండీ" అంటుంది. పాపం, అత్తగారు అడిగింది కోపం వచ్చిందా అని! మనకు రాగం సంగీతం, వాళ్లకు రాగ్ కోపం. మన కాడి ఎద్దుల మెడ మీద ఉంటుంది, మరాఠీ కాడి అగ్గిపెట్టెలో ఉంటుంది. తెలుగులో, మరాఠీలో శిక్ష అంటే దండన, హిందీలో చదువు. నేను ఇప్పుడు చేస్తున్నది మనకు ఉపన్యాసం, హిందీవారికి ఉపన్యాస్ అంటే నవల. కాబట్టి నేను నవల చదువుతున్నానని ఎవరూ అనుకోవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసే సంగతులే. అయితే చెవికి ఒకేలా వినిపించే మాట చదువులోకి, కర్మాగారంలోకి, కంప్యూటరులోకి వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న నాకు మా వీధిలోని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి వల్ల కలిగింది. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

ఆ అబ్బాయి తండ్రి బొగ్గు గనిలో పని చేసి రిటైరయ్యారు. అబ్బాయి మెకానికల్ చివరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఒక మంచి విషయం ఎంచుకున్నాడు. థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్లలో ఉక్కు గొట్టాలు ఎందుకు చెడిపోతాయో కంప్యూటరులో లెక్క కట్టి చూపాలని. మా చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. దాని పొగ గొట్టాలు చూస్తూ పెరిగిన పిల్లవాడికి అలాంటి ఆలోచన రావడం సహజమే. ఇలాంటి లెక్కలకు కంపెనీలు అమ్మే సాఫ్ట్‌వేర్ ఖరీదు ఒక సామాన్య కుటుంబం భరించలేనిది. ఎవరో స్నేహితుడు ఫోనులో చెప్పాడట, "మూస్ అని ఒకటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, అది దింపుకో" అని. ఇతను వెతికి మూస్ దింపుకున్నాడు. రెండు రోజులు దానితో కుస్తీ పట్టి, మూడో రోజు నా దగ్గరికి వచ్చాడు. నేను ఒకప్పుడు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఏదైనా తోస్తుందేమోనని.

"సార్, రెండు రోజులు ఖరాబైనయ్. బాయిలర్ గొట్టం గురించి అడిగితే ఇది మెదడు నరాల గురించి చెబుతున్నది" అన్నాడు.

ఇద్దరం కూర్చుని చూశాం. తప్పు అతనిదీ కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ప్రపంచంలో మూస్ అనే పేరుతో రెండు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒకటి మన బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో ఆచార్య ఉపీందర్ భల్లా ప్రయోగశాలలో రూపొందింది. మెదడులోని నాడీకణాలలో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుంది, రసాయనాలు ఎలా చర్య జరుపుతాయి అన్నది అది లెక్క కడుతుంది. రెండవది అమెరికాలో ఐడహో జాతీయ ప్రయోగశాలలో 2008లో మొదలైంది. వేడి, ప్రవాహం, ఒత్తిడి వంటి వాటిని కలిపి లెక్క కట్టడానికి ఉద్దేశించినది. రెండింటి పూర్తి పేర్లు కూడా దాదాపు ఒకటే. మొదటి మాట ఒకదానిలో మల్టీస్కేల్, మరొకదానిలో మల్టీఫిజిక్స్. మిగతా పేరంతా సమానం. మా అబ్బాయికి కావలసింది ఐడహోది, దొరికింది బెంగుళూరుది. రెండూ మేలైనవే. కానీ కంటి డాక్టరు ఎంత గొప్పవాడైనా విరిగిన కాలు ఆయనకు చూపిస్తే ఏం లాభం?

శ్రోతలారా, వేడిని, ప్రవాహాన్ని, ఒత్తిడిని కలిపి లెక్క కట్టడం అంటే ఏమిటో చూద్దాం. విడివిడిగా కడితే చాలదా?

బాయిలర్ గొట్టాన్నే తీసుకోండి. బయట బొగ్గు మంట. లోపల నీరు, ఆవిరి. పెద్ద కేంద్రాల్లో ఆవిరి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గోడ. మంట వేడి గోడ గుండా లోపలికి పోవాలి. ఇది ఉష్ణశాస్త్రం. ఆవిరి ఎంత వేగంగా ప్రవహిస్తే అంత వేడిని మోసుకుపోతుంది. ఇది ద్రవాల శాస్త్రం. వేడెక్కిన ఉక్కు సాగుతుంది. ఒక మీటరు ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎండాకాలంలో రైలు పట్టాలు సాగి వంగిపోకుండా రైల్వేవారు అంత జాగ్రత్త పడేది అందుకే. సాగడానికి చోటు లేకపోతే లోహం లోపల ఒత్తిడి పుడుతుంది. ఇది పదార్థాల బలానికి సంబంధించిన శాస్త్రం. ఇక ఆవిరి తగిలే వైపు ఉక్కు మీద నెమ్మదిగా తుప్పు వంటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఇది రసాయనశాస్త్రం.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. ఆ పొర వేడిని సరిగా పోనివ్వదు. పోనివ్వకపోతే ఉక్కు ఇంకా వేడెక్కుతుంది. ఉక్కు ఇంకా వేడెక్కితే పొర ఇంకా త్వరగా పెరుగుతుంది. పొర పెరిగితే మళ్లీ ఉక్కు వేడెక్కుతుంది. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టు తిరుగుతుంది ఈ కథ. మొదట వేడి లెక్క ముగించి, దాన్ని పక్కన పెట్టి, తరువాత పొర లెక్క చేద్దామంటే కుదరదు. ఒకదాని జవాబు మరొకదానికి ప్రశ్న అవుతోంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి ఎటు లాగితే రెండవది కొంతైనా అటు నడవక తప్పదు కదా. అలా ఒకే కాడికి కట్టిన శాస్త్రాలను కలిపి లెక్క కట్టడాన్నే ఇంజనీర్లు కపుల్డ్ ఫిజిక్స్ అంటారు.

మన గనుల్లోనూ ఇదే కథ. బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నెమ్మదిగా వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ ఆ చర్య వేగం పెరుగుతుంది. అందుకే ఎవరూ నిప్పు పెట్టకుండానే బొగ్గు కుప్పలు తమంతట తామే అంటుకోవడం గని కార్మికుల కుటుంబాలకు తెలిసిన సంగతే. గాలి, వేడి, రసాయనం మూడూ కలిసి చేసే పని అది.

ఇలాంటి లెక్కలు కాగితం మీద తేలవు. అందుకని వస్తువును వేలాది చిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కొక్క ముక్కకు లెక్క కట్టి, పక్క ముక్కలతో సరిపుచ్చుతారు. దీన్ని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. ఈ పద్ధతి మీద ప్రపంచమంతా చదివే పాఠ్యగ్రంథాల్లో ఒకటి రాసిన ఆచార్య జె. ఎన్. రెడ్డి మన వరంగల్ ప్రాంతం వారే. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. ఆయన పుస్తకం మొదటి కూర్పు 1984లో వచ్చింది. కాబట్టి ఇది మనవాళ్లకు అందని విద్య ఏమీ కాదు.

ఇక ఐడహో మూస్ సంగతి. ఇంగ్లీషులో మూస్ అంటే ఉత్తర అమెరికా అడవుల్లో తిరిగే ఒక పెద్ద జంతువు. దుప్పుల జాతిలో అన్నిటికన్నా పెద్దది. మన తాడోబాలోని కణుజుకు దూరపు చుట్టం అనుకోండి. ఆ ప్రయోగశాలవారికి జంతువుల పేర్లంటే ఇష్టం ఉన్నట్టుంది. మూస్ మీద కట్టిన ఒక సాఫ్ట్‌వేర్‌కు బైసన్ అని పేరు. అణు ఇంధన కడ్డీల్లో వేడి, సాగుడు, పగుళ్లు ఎలా ఉంటాయో చూస్తుంది అది. మరొకటి గ్రిజ్లీ. అంటే ఎలుగుబంటి. అణు రియాక్టరు పాత్రలు ఏళ్లు గడిచిన కొద్దీ ఎలా ముసలివవుతాయో లెక్క వేస్తుంది. బైసన్ అనగానే తాడోబాకు వచ్చే యాత్రికులు అడవి దున్న అనుకుంటారు, అణు ఇంజనీరు ఇంధన కడ్డీ అనుకుంటాడు.

అయితే మూస్ అన్న పేరు వినగానే నాకు జంతువు గుర్తు రాలేదు. మన మూస గుర్తు వచ్చింది. కంసాలి బంగారం కరిగించే మట్టి పాత్ర మూస. లోహాన్ని పోత పోసే అచ్చు కూడా మూసే. మరాఠీలో కూడా దాన్ని మూస్ అనే అంటారు. సంస్కృతంలో మూషా. ఈ పోలిక కేవలం కాకతాళీయం. ఇంగ్లీషు మాటకూ మన మాటకూ చుట్టరికం లేదు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని చూస్తే మూస అనే పేరే దానికి బాగా అమరుతుంది. ఎందుకంటే అది ఒక్క లెక్కకే పనికివచ్చే యంత్రం కాదు. అది ఒక అచ్చు. అందులో ఎవరికి కావలసిన సమీకరణాన్ని వాళ్లు పోసుకోవచ్చు. సమీకరణంలోని ఒక్కొక్క పదాన్ని ఒక చిన్న ముక్కగా రాసి జోడిస్తే, మిగిలిన కష్టమంతా, అంటే ముక్కలు చేయడం, కలపడం, అన్నిటినీ ఒకేసారి సాధించడం, మూస్ చూసుకుంటుంది.

ఆ చిన్న ముక్కను వాళ్లు కెర్నెల్ అంటారు. ఇక్కడ మళ్లీ జాగ్రత్త. ఇంగ్లీషులో కెర్నెల్ అంటే గింజలోని పప్పు. కంప్యూటరు నడిపే లినక్స్‌లో కెర్నెల్ అంటే దాని గుండెకాయ. మూస్‌లో కెర్నెల్ అంటే సమీకరణంలోని ఒక పదం. సైన్యంలో కర్నల్ అంటే అధికారి, ఇంగ్లీషువారి నోట ఆ రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి. మా అబ్బాయి ఏదో పుస్తకంలో కెర్నెల్ మార్చాలి అని చదివి, కంప్యూటరు గుండెకాయనే మార్చాలేమో అని భయపడి ఆగిపోయాడట. మార్చవలసింది నాలుగు వరుసలు మాత్రమే.

అసలు విషయం ఇంకొకటి ఉంది. తెలుగులో మూసి అంటే తలుపు మూసి. ఈ మూస్ మాత్రం మూసినది కాదు. 2014లో దాని లోపలి రాత మొత్తాన్ని అందరికీ తెరిచి పెట్టారు. ఇలాంటి వాటినే ఓపెన్ సోర్స్ అంటారు. సోర్స్ అంటే మూలం, మనం పకోడీలో నంజుకునే సాస్ కాదు. కొన్న సాఫ్ట్‌వేర్‌లో మనకు జవాబు కనిపిస్తుంది, జవాబు ఎలా వచ్చిందో కనిపించదు. ఓపెన్ సోర్స్‌లో వంటగదిలోకే వెళ్లి చూడవచ్చు. తప్పుంటే దిద్దవచ్చు, మెరుగుపరచి మరొకరికి ఇవ్వవచ్చు.

దీన్నే కొందరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని కూడా అంటారు. ఆ ఫ్రీ అన్న మాటకు ఇంగ్లీషులో రెండర్థాలు. డబ్బు లేకుండా దొరికేది అని ఒకటి, స్వేచ్ఛ గలది అని మరొకటి. ఆ మాటను 1980లలో ప్రచారంలోకి తెచ్చిన రిచర్డ్ స్టాల్‌మన్ ఉద్దేశం రెండవ అర్థమే. మనకేమో ఉచితం అంటే డబ్బు లేనిది. మరాఠీవారికి ఉచిత్ అంటే తగినది. విద్యార్థి విషయంలో ఆ రెండూ కలిశాయి. ఉచితంగా దొరికేదే అతనికి ఉచితమైనది.

ఇదే కోవలో ఫిన్లాండు వారి ఎల్మర్ ఉంది. ప్రవాహాల లెక్కలకు పేరుపడ్డ ఓపెన్‌ఫోమ్ ఉంది. దాని పేరులో ఫోమ్ ఉన్నా నురుగుతో గానీ పరుపుతో గానీ సంబంధం లేదు, నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. మన ముంబయి ఐఐటిలోని ఫాసీ అనే ప్రాజెక్టువారు ఇలాంటి సాఫ్ట్‌వేర్లను కళాశాలలకు పరిచయం చేస్తున్నారు. అక్కడి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో చాలావాటికి మరాఠీలోనూ, తెలుగులోనూ గొంతు ఉంది. తుకుంలో ఉన్న పిల్లవాడైనా, కాగజ్‌నగర్‌లో ఉన్న పిల్లవాడైనా వాటిని వినవచ్చు.

ఇక మా అబ్బాయి కథ ముగింపు. సరైన మూస్ దింపుకున్నాడు. ముందుగా తేలికైన లెక్క ఒకటి చేశాడు. గోడకు మంట వైపు ఎంత వేడి, ఆవిరి వైపు ఎంత వేడి అని. గోడ మందం 5 మిల్లీమీటర్లు. జవాబు చూసి పరుగున వచ్చాడు. "సార్, గోడకు ఆ పక్కకూ ఈ పక్కకూ తేడా 25 వేల డిగ్రీలు వస్తున్నది!" అన్నాడు. సూర్యుడి ఉపరితలం వేడే సుమారు 5,500 డిగ్రీలు. చంద్రపూర్ ఎండ ఎంత ప్రసిద్ధమైనా, సూర్యుణ్ణి మించిన వేడి గొట్టంలో ఉంటుందా?

లోపలికి వెళ్లి చూశాం. మిగతా కొలతలన్నీ మీటర్లలో ఇచ్చాడు. మందం దగ్గర మాత్రం 5 అని రాశాడు. తన మనసులో అది 5 మిల్లీమీటర్లు. మూస్‌కు అది 5 మీటర్లు. ఒక ఇంటి గది అంత మందం ఉన్న ఉక్కు గోడకు అది నిజాయితీగా లెక్క కట్టి ఇచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇది మీటరా, మిల్లీమీటరా అని అడగదు. అన్నీ ఒకే కొలమానంలో ఇచ్చే బాధ్యత మనదే. మందాన్ని మీటర్లలోకి మార్చి రాసేసరికి తేడా 25 డిగ్రీలకు దిగివచ్చింది.

ఈ పొరపాటుకు నవ్వకండి. మహామహులే దీనికి చిక్కారు. 1999 సెప్టెంబరు 23న అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక అంగారకుణ్ణి చేరుతూనే నాశనమైంది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్, నౌక చోదక శక్తిని పౌండ్ల లెక్కన చెప్పింది. దాన్ని అందుకున్న రెండవ సాఫ్ట్‌వేర్ ఆ అంకెను న్యూటన్లుగా తీసుకుంది. ఒక పౌండు బలం దాదాపు నాలుగున్నర న్యూటన్లు. అంకె ఒకటే, అర్థం వేరు. నౌక అనుకున్నదాని కంటే ఎంతో కిందికి దిగి, అంగారకుడి వాతావరణంలో చిక్కుకుపోయింది. రెండు సాఫ్ట్‌వేర్లను కలిపినప్పుడు వాటి మధ్య మాట తేడా వస్తే ఇంత నష్టం.

కనుక విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నా మనవి మూడే మాటలు. పేరు విని దింపుకోవద్దు. అది ఎవరు చేశారో, దేనికి చేశారో ఒక పుట చదివి దింపుకోండి. రెండవది, కంప్యూటరు ఇచ్చిన జవాబును చేతి లెక్కతో ఒకసారి పోల్చండి. చేతి లెక్క సుమారుగా ఉన్నా చాలు, 25 అనేది 25 వేలు కాదని చెబుతుంది. మూడవది, ప్రతి అంకె పక్కన దాని కొలమానం రాయండి. ఊరి పేరు పక్కన జిల్లా రాసినట్టు. ఒకే పేరుతో ఎన్ని ఊళ్లున్నా జిల్లా చూస్తే ఉత్తరం సరిగా చేరుతుంది కదా.

ఈ లెక్కలు చేసే పిల్లలే రేపు బాయిలర్ల పక్కన, గనుల్లో, వంతెనల మీద పని చేస్తారు. వాళ్ల కాగితం మీద తప్పు అంకె పడితే, దాని భారం మోసేది గొట్టం పక్కన నిలబడిన కార్మికుడు.

పోయిన నెల మా బావగారు మళ్లీ వచ్చారు. ఈసారి ఆటో దిగి నవ్వుతూ, "బావా, తుకుంలో తూకం లేదని తెలిసింది లే" అన్నారు. అప్పుడు మా అబ్బాయి వరండాలో కూర్చుని, తన అంకెల పక్కన మీటర్లు, న్యూటన్లు, డిగ్రీలు ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. అతన్ని చూపించి అన్నాను, "లేకేం బావా, ఇప్పుడు ఉంది."